బసంతర్ దాటిన కుర్రాడు: సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్

(విజయ్ దివస్ సందర్భంగా విశాఖపట్నంలో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకూ, ఎదురుగా కూర్చున్న పిల్లలకూ నమస్కారం.

ఇవాళ డిసెంబర్ 16. విశాఖలో ఉండేవాళ్లకు 1971 యుద్ధం అంటే ముందు సముద్రమే గుర్తొస్తుంది. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం పక్కనుంచే రోజూ తిరుగుతాం. పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ మన తీరం దగ్గరే మునిగిందని ఇక్కడ ఐదో తరగతి పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. ఆ యుద్ధంలో మనూరి వాటా అది. ఇవాళ మాత్రం మిమ్మల్ని సముద్రానికి చాలా దూరం తీసుకెళ్తాను. జమ్మూకి దిగువన, సాంబా మీదుగా పారే బసంతర్ అనే ఏరు ఉంది. సరిహద్దు దాటి పాకిస్తాన్‌లోకి వెళ్లి రావిలో కలుస్తుంది. ఆ ఏటి అవతలి గట్టున, సరిగ్గా ఇదే తేదీన, ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిన రోజునే, ఒక ట్యాంకులో ఒక కుర్రాడు చనిపోయాడు. పేరు అరుణ్ ఖేతర్‌పాల్. వయసు 21 ఏళ్ల 2 నెలలు. ఆఫీసర్ అయ్యి 6 నెలలు దాటి 3 రోజులు.

అరుణ్ గురించి ఎవరు మాట్లాడినా ఆఖరి పది నిమిషాలే చెబుతారు. ట్యాంకుకు నిప్పంటుకుంది, దిగిపొమ్మన్నారు, దిగను అన్నాడు, చనిపోయాడు. చప్పట్లు. నాకు ఆ చెప్పడం చాలదు. అలా చెబితే వినేవాడికి ఏమనిపిస్తుంది? కుర్రతనం, ఉడుకురక్తం, తెగించాడు అనిపిస్తుంది. కాదండీ. ఆ మాట తెగింపుతో అన్నది కాదు, లెక్క తెలిసి అన్నది. తను దిగితే ఏమవుతుందో, ఎవరి మీద పడుతుందో ఆ క్షణంలో వాడికి స్పష్టంగా తెలుసు. ఆ లెక్క మీకూ అర్థం కావాలంటే ఆ నేల తెలియాలి, ఆ రెజిమెంటు తెలియాలి. అందుకని కాస్త వెనకనుంచి వస్తాను, ఓపిక పట్టండి.

అరుణ్ 1950 అక్టోబర్ 14న పుణెలో పుట్టాడు. వాళ్లది పంజాబీ కుటుంబం. స్వస్థలం సర్గోధా, ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. దేశ విభజనలో అన్నీ వదులుకుని ఇటు వచ్చినవాళ్లు. తండ్రి మదన్‌లాల్ ఖేతర్‌పాల్ సైన్యంలో ఇంజనీర్స్ విభాగం ఆఫీసరు, బ్రిగేడియర్‌గా రిటైరయ్యారు. తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడారు. ముత్తాత సిక్కుల ఖాల్సా సైన్యంలో ఉండి 1849లో చిలియన్‌వాలా దగ్గర బ్రిటిష్‌వాళ్లతో తలపడ్డారని ఆ ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఇంటి పిల్లవాడికి సైన్యం అనేది పెద్దయ్యాక ఎంచుకున్న ఉద్యోగం కాదు, పుట్టి పెరిగిన వాతావరణం. తండ్రికి బదిలీ అయినప్పుడల్లా ఊరు మారడం, కంటోన్మెంట్ క్వార్టర్స్, బ్యాండు చప్పుడు. తమ్ముడు ముకేశ్, తను.

సిమ్లా కొండల్లో సనావర్ అని ఒక ఊరుంది. అక్కడి లారెన్స్ స్కూల్లో చదివాడు. ఈతలో చురుకు, స్కూలు బ్యాండులో వాయించేవాడు. 1967లో ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాడు. ఫాక్స్‌ట్రాట్ స్క్వాడ్రన్, 38వ కోర్సు. అక్కడ తన స్క్వాడ్రన్‌కి కేడెట్ కెప్టెన్ అయ్యాడు. ఇక్కడ ఎన్‌సీసీ పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు, మీకు ఆ పదవి విలువ తెలుసు. తోటి కుర్రాళ్లలో ఒకణ్ని నిలబెట్టి, వీడి మాట మీరంతా వినాలి అంటారు. తెల్లారి లేపడం దగ్గర్నుంచి తప్పు చేస్తే అడగడం వరకు అన్నీ వాడివే. తోటివాళ్ల బాధ్యత నెత్తిన వేసుకోవడం 19, 20 ఏళ్లకే అలవాటైపోయింది. ఆ తర్వాత డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ. 1971 జూన్ 13న భుజానికి ఒక్క నక్షత్రంతో బయటికొచ్చి 17 పూనా హార్స్ రెజిమెంటులో చేరాడు.

ఈ రెజిమెంటు గురించి కాస్త ఆగి చెప్పాలి. పేరులో హార్స్ ఉంది, అంటే ఒకప్పటి గుర్రపు దళం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లి కందకాల్లో పోరాడింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి గుర్రాలు పోయాయి, తర్వాత ట్యాంకులొచ్చాయి. అయినా జవాన్ని ఇప్పటికీ సవార్ అనే పిలుస్తారు, హవల్దార్ ఉండాల్సిన చోట దఫేదార్, సుబేదార్ ఉండాల్సిన చోట రిసాల్దార్ ఉంటారు. పేర్లతో పాటు గుర్రపు దళం వాళ్ల పద్ధతి కూడా మిగిలింది. ఆఫీసరు ముందుంటాడు. వెనక నుంచి పంపించడం ఉండదు, ముందు నుంచి పిలవడమే.

ఈ రెజిమెంటుకి మన హైదరాబాద్‌తో ఒక బంధం ఉంది. అది మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. 1965 యుద్ధంలో పూనా హార్స్‌కి కమాండింగ్ ఆఫీసరు లెఫ్టినెంట్ కల్నల్ అర్దెషీర్ తారాపోర్. పార్సీ. బొంబాయిలో పుట్టినా ఆయన కుటుంబం నిజాం కొలువులో ఉండేది, ఆయన సైనిక జీవితం మొదలైంది హైదరాబాద్ సంస్థానం సైన్యంలో. అక్కడి లాన్సర్స్‌లో పనిచేసి, రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియా వెళ్లొచ్చి, సంస్థానం విలీనమయ్యాక 1951లో పూనా హార్స్‌కి వచ్చారు. 1965 సెప్టెంబర్‌లో పాకిస్తాన్‌లోని ఫిల్లౌరా, చవిండా దగ్గర ట్యాంకుల యుద్ధం జరిగింది. 11వ తేదీన ఆయన గాయపడ్డారు. వెనక్కి తీసుకెళ్తామంటే ఒప్పుకోలేదు. గాయంతోనే మరో ఐదు రోజులు రెజిమెంటుని నడిపించి, సెప్టెంబర్ 16న బుతుర్ డోగ్రాండి దగ్గర ట్యాంకు తగలబడి చనిపోయారు. పరమవీర చక్ర ఇచ్చారు.

ఆ తర్వాత ఆరేళ్లకి అరుణ్ అదే రెజిమెంటులో చేరాడు. కొత్త ఆఫీసరు మెస్‌లో అడుగు పెట్టగానే ముందుగా వినిపించే పేరు తారాపోర్‌దే అయ్యుంటుంది. ట్యాంకు దిగకపోవడం అనే మాట అరుణ్ ఆ రోజు కొత్తగా కనిపెట్టింది కాదు. వాడికంటే ముందు ఆ ఇంట్లో పెద్దవాడొకాయన చేసి చూపించి వెళ్లారు.

చేరిన కొన్నాళ్లకి కొత్త ఆఫీసర్లందరినీ పంపినట్టే అరుణ్‌నీ అహ్మద్‌నగర్ పంపారు, యంగ్ ఆఫీసర్స్ కోర్సుకి. ట్యాంకు నడపడం, గురి చూడడం, వైర్‌లెస్ మాట్లాడడం, ట్రూప్‌ని, అంటే కొన్ని ట్యాంకుల చిన్న దళాన్ని, నడపడం, అన్నీ నేర్పేది అక్కడే. కోర్సు మధ్యలోనే యుద్ధం ముంచుకొచ్చింది. ఎవరి రెజిమెంట్లకు వాళ్లు వెళ్లిపొమ్మన్నారు.

దారిలో ఢిల్లీలో ఇంటికి వెళ్లాడు. అప్పటి ముచ్చట ఒకటి వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పగా లోకానికి తెలిసింది. పెట్టెలో గోల్ఫ్ కర్రలు, విందులకు వేసుకునే నీలం యూనిఫాం సర్దుకుంటున్నాడట. యుద్ధానికి పోతూ ఇవెందుకురా అంటే, లాహోర్‌లో గోల్ఫ్ ఆడతాను, గెలిచాక విందు ఉంటుంది కదా, అక్కడికి ఆ బట్టలు కావాలి అన్నాడట. ఈ ముచ్చట నాకు చాలా ఇష్టం. వాణ్ని విగ్రహంగా చూడనివ్వదు. ఆ మాటలో చావు ఊసే లేదు. తిరిగి రావడం, మంచి బట్టలు కట్టుకుని స్నేహితులతో భోజనానికి కూర్చోవడం, అంతే ఉన్నాయి. చచ్చిపోవాలని వెళ్లినవాడు కాదు వాడు. బతకాలని ఎంతో ఉన్నవాడు.

తల్లి మహేశ్వరి గారు ఆ పూట అన్నం పెట్టి, మీ తాత పోరాడాడు, మీ నాన్న పోరాడాడు, నువ్వూ సింహంలా పోరాడు, పిరికివాడిగా తిరిగి రావద్దు అన్నారని చెబుతారు. ఆ మాట అన్న తల్లి ఆ తర్వాత బతికినన్నాళ్లూ దాన్ని ఎన్నిసార్లు తలుచుకుని ఉంటారో మనం ఊహించుకోవలసిందే. వీరమాత అని ఊరుకుంటే ఆమెకు కూడా అన్యాయం చేసినట్టే.

ఇక నేల సంగతి. మ్యాప్ చూస్తే పంజాబ్‌కీ జమ్మూకీ నడుమ పాకిస్తాన్ భూభాగం మనవైపు పొట్టలా ముందుకు వచ్చి ఉంటుంది. అదే షకర్‌గఢ్ ప్రాంతం. దానికి ఎగువనే పఠాన్‌కోట్ నుంచి జమ్మూ వెళ్లే రోడ్డు. జమ్మూ కశ్మీర్‌కి బియ్యం వెళ్లాలన్నా, మందుగుండు వెళ్లాలన్నా అదే దారి. అటువాళ్లు అక్కడినుంచి ఒక్క పోటు పొడిస్తే ఆ దారి తెగుతుంది. అందుకే మనవాళ్లు ముందే అందులోకి చొచ్చుకుపోవాలని నిర్ణయించారు. 54వ ఇన్‌ఫంట్రీ డివిజన్‌తో పాటు 16వ ఆర్మర్డ్ బ్రిగేడ్ కదిలింది. ఆ బ్రిగేడ్‌కి కమాండరు అరుణ్ వైద్య, తర్వాతి రోజుల్లో సైన్యాధిపతి అయినాయనే. బ్రిగేడ్‌లో పూనా హార్స్ ఒకటి. అప్పటికి పూనా హార్స్ కమాండింగ్ ఆఫీసరు లెఫ్టినెంట్ కల్నల్ హనూత్ సింగ్. ట్యాంకుల యుద్ధం తెలిసినవాళ్లలో మన దేశంలో ఆయన పేరు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు.

అటువాళ్లు ఊరికే కూర్చోలేదు. బసంతర్‌కి ఇటూ అటూ మందుపాతరలు పరిచారు. ట్యాంకు గొలుసు కింద ఒక్కటి పేలితే చాలు, గొలుసు తెగి అక్కడే కూలబడుతుంది, ఆ తర్వాత దూరంగా ఉన్న ఫిరంగికి అది కదలని గురి. ఏటి ఒడ్డు బురద నేల వేరే.

డిసెంబర్ 15 రాత్రి 47వ ఇన్‌ఫంట్రీ బ్రిగేడ్ కాల్బలం ఏరు దాటి అవతల కాలు మోపింది. జర్‌పాల్ అనే ఊరిని 3 గ్రెనేడియర్స్ పట్టుకుంది. అక్కడ మేజర్ హోషియార్ సింగ్ చూపిన సాహసానికి ఆయనకూ పరమవీర చక్ర వచ్చింది, ఆయన బతికి ఉండగానే అందుకున్నారు. సరాజ్ చక్ వైపు 16 మద్రాస్ వెళ్లింది. మద్రాస్ రెజిమెంటు అంటే మన దక్షిణాది రాష్ట్రాలవాళ్ల రెజిమెంటు, ఆంధ్ర, తెలంగాణ కుర్రాళ్లు నేటికీ అందులో చేరుతున్నారు. ఆ పటాలం కమాండింగ్ ఆఫీసరు లెఫ్టినెంట్ కల్నల్ ఘయ్ ఆ పోరులోనే ప్రాణాలు విడిచారు.

కాల్బలం దాటింది సరే, ట్యాంకులు దాటాలి కదా. ట్యాంకులు లేకుండా అవతల ఉన్నవాళ్లు తెల్లారేసరికి శత్రువు ట్యాంకుల నోట్లో పడతారు. చేతిలో రైఫిళ్లు పెట్టుకుని ఎంతసేపు నిలబడగలరు? కాబట్టి ఆ రాత్రి అందరి చూపూ ఇంజనీర్ల మీదే ఉంది. చీకట్లో, పైనుంచి గుండ్లు పడుతుండగా, పాతరలు తీసి ట్యాంకు పట్టేంత బాట చేయాలి. ఆ ముందు రోజుల్లో ఆ సెక్టారులో అదే పని చేస్తూ 9 ఇంజనీర్ రెజిమెంటుకి చెందిన మేజర్ విజయ్ రతన్ చౌధరి ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. ఒక్క సంగతి గమనించండి. అరుణ్ తండ్రి కూడా ఇంజనీర్స్ ఆఫీసరే. ఆ రాత్రి కొడుకు ట్యాంకు నడవాల్సిన బాటను తండ్రి విభాగం మనుషులే తవ్వి ఇచ్చారు. ఇంజనీర్ల గురించి మనం ఎప్పుడూ తక్కువ మాట్లాడతాం. వాళ్లు లేకపోతే ఇవాళ నేను చెప్పేందుకు ఈ కథే లేదు.

బాట పని ఇంకా పూర్తి కాలేదు. అవతల నుంచి కాల్బలం వైర్‌లెస్‌లో చెబుతోంది, శత్రువు ట్యాంకుల కదలిక వినిపిస్తోందని. హనూత్ సింగ్ ఆగలేదు. సగం తీసిన బాటలోంచే ట్యాంకుల్ని పోనిమ్మన్నారు. ఒకదాని వెనక ఒకటి, ముందు ట్యాంకు గొలుసు పడిన చోటే వెనకది వేయాలి. చీకట్లో పొలం గట్టు మీద లారీ నడిపినట్టు. అలా దాటారు.

తెల్లారింది. డిసెంబర్ పొగమంచు. అటువైపు నుంచి 13 లాన్సర్స్ ప్యాటన్ ట్యాంకులతో ఎదురుదాడికి దిగింది. ఈ 13 లాన్సర్స్ ఎవరు? 1947 దాకా ఇదే బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో పూనా హార్స్‌తో పాటు ఉన్న పాత గుర్రపు దళమే. విభజనలో వాళ్లు అటు వెళ్లారు, వీళ్లు ఇటు మిగిలారు. ఒకే పెంపకంలో పెరిగినవాళ్లు ఎదురెదురు నిలబడ్డారు.

జర్‌పాల్ దగ్గర పూనా హార్స్‌లోని ఒక భాగం, బీ స్క్వాడ్రన్, ఉంది. శత్రువు బలం ఎక్కువగా ఉంది, సాయం పంపండి అని ఆ స్క్వాడ్రన్ కమాండరు వైర్‌లెస్‌లో అడిగారు. అరుణ్ ఉన్నది 'ఎ' (A) స్క్వాడ్రన్‌లో. ఆ పిలుపు వాడికి కాదు. విన్నాడు, తనంతట తానే తన ట్రూప్‌ని తీసుకుని బయల్దేరాడు. పరమవీర చక్ర ప్రశంసాపత్రంలో ఈ సంగతి స్పష్టంగా రాశారు.

ఏరు దాటుతుంటే ఇంకా లొంగని శత్రువు స్థావరాలు, ఆర్‌సీఎల్ గన్‌ల గూళ్లు అడ్డం తగిలాయి. ఆర్‌సీఎల్ అంటే ట్యాంకుని కొట్టేందుకే పెట్టుకునే గన్. మామూలుగా అయితే చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదా దూరంగా ఆగి కొట్టాలి. అంత వ్యవధి లేదు. ట్యాంకుల్ని నేరుగా వాటి మీదికే తోలాడు. కందకాల మీదుగా ఎక్కించి, గన్‌ల దగ్గర ఉన్నవాళ్లని పిస్టల్ చూపించి బందీలుగా పట్టుకున్నాడు. ఈ పోరులోనే వాడి ట్రూప్‌లోని ఒక ట్యాంకు కమాండరు చనిపోయాడు. అయినా ఆగకుండా బీ స్క్వాడ్రన్ దగ్గరికి చేరాడు. చేరేసరికి శత్రువు మొదటి దాడి విఫలమై వెనక్కి తిరుగుతోంది. వాళ్ల వెంటపడి ఒక ట్యాంకుని కొట్టాడు. ఇక్కడ మాత్రం ఉడుకురక్తం ఉంది. ప్రశంసాపత్రం కూడా యుద్ధోత్సాహంలో వెంటపడ్డాడనే రాసింది. కాదనను. కానీ తర్వాత జరిగింది వేరు.

శత్రువు మళ్లీ కూడగట్టుకుని, ఈసారి ఒక స్క్వాడ్రన్ ట్యాంకులతో వచ్చాడు. దెబ్బ తీయడానికి ఎంచుకున్న చోట మనవైపు ఉన్నవి మూడే ట్యాంకులు. కెప్టెన్ మల్హోత్రాది ఒకటి, లెఫ్టినెంట్ అహ్లావత్‌ది ఒకటి, అరుణ్‌ది ఒకటి.

ఇప్పుడు మిమ్మల్ని ఆ ట్యాంకు లోపలికి తీసుకెళ్తాను. అది సెంచూరియన్ ట్యాంకు. పేరు ఫామగుస్తా. సైప్రస్‌లో ఒక రేవు పట్టణం పేరు అది. లోపల నలుగురు. ముందు కింద డ్రైవరు, సవార్ ప్రయాగ్ సింగ్. అతనికి కనిపించేది చిన్న సందులోంచి ముందున్న నేల మాత్రమే. పైన టరెట్‌లో, అంటే గన్ ఉండే తిరిగే గదిలో, ముగ్గురు. గన్నరు సవార్ నాథూ సింగ్, కన్ను దుర్భిణికి ఆనించి, దానిలో కనపడే గుండ్రటి ముక్క తప్ప లోకం లేకుండా కూర్చుంటాడు. గుండు ఎక్కించేవాడు, వైర్‌లెస్ చూసేవాడు ఒకరే, సవార్ నంద్ సింగ్. ఇత్తడి తొడుగు ఉన్న బరువైన గుండుని ఆ ఇరుకులో ఒక్క ఊపున తిప్పి గన్ వెనక నోట్లోకి తోయాలి, మరుక్షణం చెయ్యి తీసేయాలి. పేల్చగానే గన్ వెనక్కి తన్నుతుంది. ఖాళీ తొడుగు కాలుతూ కింద పడుతుంది. పొగ కళ్లలోకి, గొంతులోకి పోతుంది. ఈ ముగ్గురికీ కళ్లు కమాండరే. ఏ దిక్కున, ఎంత దూరంలో, ఏ గుండు, ఎప్పుడు పేల్చాలి, అన్నీ అతని నోటి నుంచే రావాలి. బాగా కనిపించాలంటే తల పైకి పెట్టాలి. తల పైకి పెడితే ఏం జరగొచ్చో తెలిసీ పెట్టాలి. కోర్సు పూర్తికాని 21 ఏళ్ల కుర్రాడు ఆ పొద్దున ఆ చోట నిలబడి ఉన్నాడు.

ఘోరమైన పోరు జరిగింది. శత్రువు ట్యాంకులు పది కూలాయి. అందులో నాలుగు అరుణ్ కొట్టినవే. మనవైపూ దెబ్బలు తగిలాయి. అహ్లావత్ ట్యాంకు దెబ్బతింది. మల్హోత్రా ట్యాంకులో గన్ మొరాయించింది. చివరికి ఆ చోట కాల్చగలిగే గన్ ఒక్కటే మిగిలింది, అరుణ్‌ది. అప్పుడు ఫామగుస్తాకీ గుండు తగిలింది. మంటలు లేచాయి. అరుణ్‌కి తీవ్రంగా గాయాలయ్యాయి.

వైర్‌లెస్‌లో ఆదేశం వచ్చింది, ట్యాంకు వదిలేసి బయటికి రా అని. వాడు ఇచ్చిన జవాబు, "లేదు సర్, నా ట్యాంకు వదలను. నా గన్ ఇంకా పనిచేస్తోంది, వీళ్ల పని పడతాను." ఇంగ్లిష్‌లో అన్న ఆ మాట చివర ఒక తిట్టు కూడా ఉంది.

ఈ జవాబుని చాలామంది మొదటి సగమే చెబుతారు. ట్యాంకు వదలను అన్నాడని. నన్నడిగితే అసలు ప్రాణం రెండో సగంలో ఉంది. నా గన్ ఇంకా పనిచేస్తోంది. ఒంటికి నిప్పంటుకున్న ట్యాంకులో ఉండి వాడు చెప్పింది ఒక లెక్క. ఈ చోట పనిచేసే గన్ ఇదొక్కటే. ఇది ఆగితే ఈ సందులోంచి శత్రువు దూరతాడు. దూరితే వెనక బీ స్క్వాడ్రన్, దాని వెనక ఎదురుదాడులు కాచుకుంటున్న గ్రెనేడియర్లు, మద్రాసువాళ్లు, దాని వెనక రాత్రంతా ప్రాణాలు పెట్టి తీసిన ఆ బాట. తన ట్యాంకు గురించి కాదు వాడు మాట్లాడింది, తన వెనక ఉన్నవాళ్ల గురించి. గన్ కూడా పాడైపోయి ఉంటే దిగేవాడేమో. దిగితే అది పిరికితనం అయ్యేదీ కాదు. తెలివైన ఆఫీసరు ఖాళీ ఇనుము కోసం చావడు. గన్ పనిచేస్తోంది కాబట్టే ఉండిపోయాడు.

మరొక ట్యాంకుని కూడా కొట్టాడు. దానికీ దీనికీ నడుమ దూరం నూరు మీటర్లే. అప్పుడు ఫామగుస్తాకి రెండో దెబ్బ తగిలింది. ఆ దెబ్బతో అరుణ్ పోయాడు. ఆ రోజు ఆ ట్యాంకులో సవార్ నంద్ సింగ్ కూడా చనిపోయాడు. ప్రయాగ్ సింగ్, నాథూ సింగ్ గాయాలతో బయటపడ్డారు. ఒక్క శత్రువు ట్యాంకు కూడా అటునుంచి దాటలేదు. ప్రశంసాపత్రంలో ఆ మాట ఉంది.

ఇక్కడ ఎన్‌సీసీ పిల్లలకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. నంద్ సింగ్ పేరు మీరు ఎక్కడా పెద్దగా వినరు. అరుణ్ ఉండిపోతాను అన్నప్పుడు మిగిలిన ముగ్గురూ కూడా ఉండిపోయారు. కమాండరు నిర్ణయం కమాండరు ఒక్కడి ప్రాణం మీదే కాదు. డ్రైవరు ట్యాంకు కదపకపోతే, లోడరు గుండు ఎక్కించకపోతే, గన్నరు కన్ను దుర్భిణి నుంచి తీసేస్తే, అరుణ్ మాట గాలిలో కలిసేది. ఆ నలుగురిదీ ఆ రోజు.

మర్నాడు, అంటే డిసెంబర్ 17 రాత్రి 8 గంటలకు పశ్చిమాన కాల్పులు ఆగాయి. సాంబా దగ్గరే అరుణ్‌కి దహన సంస్కారం చేశారు. చితాభస్మం ఇంటికి పంపారు. యుద్ధం అయిపోయింది, పిల్లాడు వస్తాడని ఎదురుచూస్తున్న ఇంటికి చావు కబురు ఆలస్యంగా చేరింది. రేడియోలో విజయం వార్త విన్న తర్వాత. దేశమంతా మిఠాయిలు పంచుకుంటున్న రోజుల్లో.

పరమవీర చక్ర ఇచ్చారు. అప్పటికి ఆ పురస్కారం పొందినవాళ్లందరిలోకీ చిన్నవాడు అరుణ్. అప్పుడు రాష్ట్రపతి మన తెలుగాయన వి.వి. గిరి. డెహ్రాడూన్ అకాడమీలో ఆడిటోరియానికి అరుణ్ పేరు పెట్టారు. 2023లో అండమాన్ నికోబార్ దీవుల్లో 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టినప్పుడు అరుణ్ పేరున ఒకటి, తారాపోర్ పేరున ఒకటి వచ్చాయి. ఫామగుస్తా ఇప్పుడు అహ్మద్‌నగర్‌లో (ఇప్పటి పేరు అహిల్యానగర్) ఉంది, వాడు కోర్సు సగంలో వదిలి వెళ్లిన ఆ చోటే.

ఇంతటితో ఆపొచ్చు. కానీ 30 ఏళ్ల తర్వాత జరిగింది చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

2001లో బ్రిగేడియర్ ఖేతర్‌పాల్‌కి 81 ఏళ్లు. చనిపోయేలోగా తను పుట్టిన సర్గోధా ఒక్కసారి చూడాలని కోరిక. పాకిస్తాన్ వెళ్లారు. లాహోర్‌లో ఆయనకి ఆతిథ్యం ఇచ్చింది పాక్ సైన్యం నుంచి రిటైరైన బ్రిగేడియర్ ఖ్వాజా మొహమ్మద్ నాసిర్. ఇంట్లో పెట్టుకుని కన్నవాళ్లని చూసుకున్నంత మర్యాదగా చూసుకున్నారు. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి, ఇద్దరూ తోటలో కూర్చుని ఉండగా నాసిర్ చెప్పారు, చాలా ఏళ్లుగా మీకు ఒకటి చెప్పాలనుకుంటున్నాను, మీ అబ్బాయి నా చేతుల్లో పోయాడు అని. ఆ ఉదయం జర్‌పాల్ దగ్గర 13 లాన్సర్స్ స్క్వాడ్రన్‌ని నడిపించింది ఆయనే. అప్పుడు మేజరు. చివరికి ఎదురెదురుగా మా రెండు ట్యాంకులే మిగిలాయి, ఇద్దరం ఒకేసారి పేల్చాం, నేను బతకాలని, అతను పోవాలని రాసి ఉంది, అతనెవరో, ఎంత చిన్నవాడో తర్వాతే తెలిసింది అన్నారట.

ఆ పెద్దాయన పరిస్థితి ఆలోచించండి. కొడుకుని చంపిన చేతి భోజనం మూడు రోజులుగా తింటున్నారు. ఆయన సైనికుడు కాబట్టి ఎదుటివాడు తన పని తాను చేశాడని తెలుసు. తండ్రి కాబట్టి లోపల ఏమైందో ఎవరికీ చెప్పలేదు. కోపగించుకోలేదు, దులుపుకుని లేచి వెళ్లలేదు. మర్నాడు ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు.

ఆ ఫొటో తర్వాత ఢిల్లీకి వచ్చింది. దాని మీద నాసిర్ చేతిరాతతో కొన్ని మాటలున్నాయి. 1971 డిసెంబర్ 16న 13 లాన్సర్స్ ఎదురుదాడి గెలుపుకీ ఓటమికీ నడుమ దాటరాని బండలా నిలబడిన అమరుడు సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ తండ్రికి, అని రాశారు. ఆ పోరుని మేము బడా పిండ్ యుద్ధం అంటాం, పూనా హార్స్ బసంతర్ యుద్ధం అంటుంది, అని కూడా రాశారు.

పొగడ్త మన పత్రికల్లో వస్తే అది మన అభిమానం అనుకోవచ్చు. ఎదురుగా నిలబడి గురి చూసినవాడు, ఓడిపోయిన దాడిని నడిపించినవాడు, గెలుపు ఓటముల నడుమ అడ్డం నిలబడింది ఆ ఒక్క ట్యాంకే అని సంతకం పెట్టి ఇచ్చాడు. ఇందాక నేను లెక్క అన్నాను కదా. నా గన్ ఇంకా పనిచేస్తోంది అన్నప్పుడు అరుణ్ వేసిన లెక్క తప్పలేదని అవతలి పక్షం రాసిచ్చిన కాగితం అది.

నాకిచ్చిన సమయం అయిపోయింది. సెంచూరియన్ ట్యాంకు గురించి, షకర్‌గఢ్ మ్యాప్ గురించి ఎవరికైనా సందేహాలుంటే అడగండి. మ్యాప్ తెచ్చాను, ఆ బల్ల మీద పరుస్తాను, దగ్గరికి రండి.